మారు అన్నానికి అడ్డం పెట్టిన చెయ్యి: ఒక కుటుంబ నాటికలో తండ్రి పాత్రకు పెంపకం రాసిన తీరు

నాటక పరిషత్తు పోటీల కోసం రాసిన 50 నిమిషాల నాటిక ఇది. సెట్టు ఒకటే, విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో ఒక మధ్యతరగతి ఇంటి హాలు. పాత్రలు ఐదు. రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి మానుకున్న 57 ఏళ్ల తండ్రి, ఆయన భార్య, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు, కోడలు, తండ్రికి మేనమామ కొడుకు. కథ చిన్నది. కొడుకు మియాపూర్‌లో ఫ్లాటు కొన్నాడు, అమ్మానాన్నల్ని వచ్చి తనతో ఉండమంటున్నాడు. తండ్రి రానంటాడు. ఎందుకు రాడో చెప్పడు.

మొదటి ప్రతిలో ఆ కారణం 38వ నిమిషంలో బయటపడుతుంది. తండ్రి ముందుకొచ్చి, స్పాట్‌లైట్ కింద నిలబడి, దివిసీమ ఉప్పెన కథ చెబుతాడు. 1977 నవంబరు 19, శనివారం రాత్రి. తాడిచెట్టంత అల. అమ్మ, నాన్న, చెల్లెలు కొట్టుకుపోయారు, తాడిచెట్టును కరుచుకుని తానొక్కడే బతికాడు. నాలుగువందల మాటల ఏకపాత్ర, వేదిక మీద నాలుగు నిమిషాలు. అది కాగానే కొడుకు కాళ్ల మీద పడతాడు, దీపాలు ఆరతాయి.

కూర్చుని చదివించినప్పుడు విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఒకరు అడిగిన ప్రశ్నతో తిరగరాత మొదలైంది: “అంతా బాగుంది గానీ, మియాపూర్‌లో సముద్రం లేదు కదా. మరి ఈయన ఎందుకు వెళ్లడు?”

జవాబు స్క్రిప్టులో లేదు. ఉప్పెన చూసిన పిల్లాడికి గాలివాన రాత్రి నిద్ర పట్టకపోవచ్చు, సముద్రం పేరెత్తితే వణుకు రావచ్చు. కొడుకు ఇంటికి వెళ్లకపోవడానికీ దానికీ ముడి పడదు. రచయిత ఒక పెద్ద సంఘటనను తెచ్చి పెంపకం ఉండాల్సిన చోట కూర్చోబెట్టాడు. కుటుంబ నాటికల్లో తండ్రి పాత్రలు ఎక్కువగా చెడేది ఇక్కడే. సంఘటన ఒక్క రాత్రిది. ఆ తర్వాత ఆ పిల్లాడు ఎవరింట్లోనో తొమ్మిదేళ్లు పెరిగాడు. పూటకొకటి చొప్పున లెక్కేసినా ఆరువేల పైచిలుకు భోజనాలు. మనిషి తయారైంది అక్కడ. మొదటి ప్రతిలో ఆ తొమ్మిదేళ్లకు దక్కింది ఒకే వాక్యం: “మామయ్య చేరదీశాడు.”

ముందు తేదీల లెక్క సరిచూడాల్సి వచ్చింది. ప్రతిలో తండ్రికి 57 ఏళ్లు, కథ నడిచేది 2025లో. అంటే పుట్టింది 1968, ఉప్పెన నాటికి తొమ్మిదేళ్లు. కానీ ఏకపాత్రలో “అయిదేళ్ల పసివాణ్ణి” అని ఉంది. ఏదో ఒకటే ఉండాలి. తొమ్మిదే ఉంచాం, ఎందుకంటే పాత్రకు అది కావాలి. అయిదేళ్లవాడు మేనమామ ఇంట్లో ఏడాదిలో కలిసిపోతాడు, అత్తనే అమ్మా అంటాడు. తొమ్మిదేళ్లవాడికి ఇది మన ఇల్లు కాదని తెలుసు. అదే ప్రతిలో పిల్లాణ్ణి “మండలం ఆఫీసుకి” తీసుకెళ్లారని ఇంకో మాట. 1977లో మండలాలు లేవు, తాలూకాలే. మండలాలు వచ్చింది 1985లో. పరిషత్తులో ముందు వరసల్లో కూర్చునే పెద్దవాళ్లు ఇలాంటిది వినగానే గుర్తుపడతారు, ఆ పైన తండ్రి చెప్పే ఏ మాటనూ నమ్మరు.

రెండో మార్పు ఇంకా పెద్దది: పిల్లాణ్ణి ఉప్పెనలోంచి తీసేశాం. ఆ రాత్రి వాడు పామర్రులో మేనమామ ఇంట్లో ఉన్నాడు. మామయ్యకు కొడుకు పుడితే బారసాలకు వచ్చి, అమ్మ తిరిగి వెళ్లిపోయినా నాలుగు రోజులు ఉంటానని మారాం చేసి ఉండిపోయాడు. పామర్రుకు తుపాను గాలి తగిలింది గానీ అల రాలేదు. వాడు ఏమీ చూడలేదు. తన ఊరు పోయిందని రెండు రోజుల తర్వాత పెద్దవాళ్ల మాటల్లో విన్నాడు. నాలుగు రోజులకని వచ్చిన చుట్టం తొమ్మిదేళ్లు ఉండిపోయాడు. తాడిచెట్టు ఏకపాత్ర దానంతటదే రాలిపోయింది, చూడనిదాన్ని వర్ణించలేడు కదా. రచయితకు ఈ కోత బాగా నొప్పెట్టింది. ఉత్తమ నటుడి బహుమతి ఏకపాత్రలున్న వేషానికే వస్తుందని పరిషత్తుల్లో గట్టి నమ్మకం, అది పూర్తిగా అబద్ధమూ కాదు.

తర్వాత పని పామర్రు ఇల్లు కట్టడం. వేదిక మీద కాదు, కాగితం మీద. దీనికి ఏడు ప్రశ్నలు సరిపోతాయి. పొద్దున్నే ఎవరు లేపేవారు? ఎక్కడ పడుకునేవాడు, ఎవరి పక్కన? ఎవరు ముందు తినేవారు, ఎవరు వడ్డించేవారు? డబ్బు ఎవరి చేతిలో ఉండేది? తప్పు చేస్తే ఏమయ్యేది? జ్వరం వస్తే ఎవరు కూర్చునేవారు? నలుగురిలో ఏమని మెచ్చుకునేవారు? ఒక్కోదానికి రెండు మూడు వాక్యాల జవాబు చాలు. పాతిక పేజీల జీవిత చరిత్ర రాస్తే అదంతా వాడాలనిపిస్తుంది, మళ్లీ ఏకపాత్రే తయారవుతుంది.

ఈ జవాబుల్లో రచయిత చేయి జారింది అత్త దగ్గర. సూర్యకాంతం పోషించిన గయ్యాళి పాత్రలు మన తలలో అంతగా నాటుకుపోయాయి, అనాథ పిల్లాడనగానే అత్త గరిటె కాల్చి వాత పెట్టేస్తుంది. అలా రాస్తే తండ్రి బాధితుడవుతాడు, కొడుకు ఓడిపోతాడు, ఇక గొడవ పడటానికి ఏమీ మిగలదు. అందుకే అత్తను మంచిదాన్ని చేశాం. సొంత పిల్లలు నలుగురు, వీడితో ఐదుగురు. అందరికీ మొదటి వడ్డన సమానంగా పెడుతుంది. తర్వాత గిన్నె పట్టుకుని నిలబడి “ఇంకెవరికిరా?” అంటుంది. సొంత పిల్లలు కంచాలు ముందుకు తోసి నాకంటే నాకంటారు. వీడు తన పేరు పిలుస్తుందేమోనని చూస్తాడు. ఒక్కోసారి పిలుస్తుంది, ఒక్కోసారి అప్పటికే గిన్నె అయిపోతుంది. ఎవరూ పాపం చేయలేదు. ఆ రెండు నిమిషాల ఎదురుచూపు కంటే ముందే కంచానికి చెయ్యి అడ్డం పెట్టేయడం సులువని పిల్లాడు కనుక్కున్నాడు. ఇరుగుపొరుగు ముందు మామయ్య గర్వంగా “మావాడు నోరు తెరిచి ఇది కావాలని అడిగింది లేదు” అంటాడు. ఏడో ప్రశ్నకు జవాబు అదే, పాత్రకు అసలు అచ్చు పోసిందీ అదే. దెబ్బలు తిన్న పిల్లాడు పెద్దయ్యాక ఆ దెబ్బల్ని తిట్టుకోవచ్చు. మెప్పుతో అబ్బిన అలవాటును ఎందుకు వదులుతాడు? అది తన గుణమనుకుంటాడు.

జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు ఈ తీరు గురించి రాశాడు. చిన్నప్పుడు ఆసరా నిలకడగా దొరకనివాళ్లలో కొందరు పెద్దయ్యాక ఎవరి సాయమూ తీసుకోని పట్టుదల మనుషులవుతారని. రచయితకు ఇది తెలిసి ఉండటం మంచిది. ఏ పాత్ర నోటా రాకపోవడం ఇంకా మంచిది.

జవాబుల్లోంచి నియమాలు తీశాం. ఇంట్లో ఎవరూ చెప్పకుండానే పిల్లాడు నేర్చుకున్నవి. పది రాసి మూడు ఉంచాం. ఒకటి, అడగకూడదు. రెండు, ఇస్తానన్నా మొదటిసారి వద్దనాలి. మూడు, ఎక్కడికి వెళ్లినా తిరిగి వెళ్లే రోజు ముందే చెప్పాలి. ఒక్కో నియమం పక్కన రెండు గళ్లు గీశాం: తొమ్మిదేళ్లప్పుడు దీనివల్ల వాడికి ఏం దక్కింది, 57 ఏళ్లప్పుడు దీనివల్ల ఏం పోతోంది. మొదటి గడి ఖాళీగా ఉంటే ఆ నియమాన్ని కొట్టేయాలి. ఒకప్పుడు పనికొచ్చిన అలవాటునే మనిషి యాభై ఏళ్లు మోస్తాడు. మంచం కింద ఎప్పుడూ ఒక 25 కిలోల బియ్యం బస్తా దాచుకునే అలవాటు మొదటి ప్రతిలో ఉంది. ఈ గళ్లల్లో అది నిలబడలేదు. అది ఆకలి గుర్తు, పామర్రు ఇంట్లో ఆకలి లేదు. బస్తా పోయింది.

పెంపకం తర్వాతి తరానికి దిగేటప్పుడు మన నాటికలు రెండు దారులే వాడతాయి. తన్నులు తిన్నవాడు తంతాడు, లేదా తన్నులు తిన్నాడు కాబట్టి పిల్లల మీద చెయ్యి ఎత్తడు. మూడో దారి ఉంది, అలవాటు గురి తప్పి వేరేచోట తగలడం. ఈ నాటికకు బలం అక్కడే దొరికింది. అడగడం తప్పని నేర్చుకున్నవాడు తండ్రయితే, కొడుకు ఏదైనా అడిగినప్పుడు ఏం చేస్తాడు? కోప్పడడు. కాదనడు. అడిగిన పిల్లాడికి తండ్రి ఏం చేయాలో చూసి నేర్చుకున్నది లేదు, బిగుసుకుపోతాడు.

దీనికి ఒక సంఘటన రాశాం. కొడుకు ఇంటర్ చదివేటప్పుడు బండి అడిగాడు. తండ్రి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు బండి ఇంటి ముందు ఉంది. తండ్రికి గుర్తున్నది బండి. కొడుకుకు గుర్తున్నది రెండు రోజుల మౌనం. ఆ తర్వాత కొడుకు ఏదీ అడగలేదు, తండ్రి దాన్ని చూసి మురిసిపోయాడు: “మావాడు నోరు తెరిచి అడగడు.” 29వ నిమిషంలో తండ్రీకొడుకుల గొడవ ఈ బండి మీదే నడుస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతారు, ఒక్కరికీ రెండోవాడి సగం తెలియదు. మామయ్య మాటనే తండ్రి తిరిగి వాడుతున్నాడని ప్రేక్షకుడికి అప్పటికే తెలిసి ఉండాలి. అందుకని 24వ నిమిషంలోనే మేనమామ కొడుకు నోట ఆ మాట వినిపించాం. ఈ వరస తారుమారైతే గొడవ మామూలు ఇంటి గొడవ అయిపోతుంది.

మేనమామ కొడుకు మొదటి ప్రతిలో లేడు. తూకం వేయడానికి తెచ్చిన పాత్ర. అదే ఇల్లు, అదే గిన్నె, అదే అత్త చెయ్యి, కానీ వీడు సొంత కొడుకు. ఉప్పెన నాడు ఉయ్యాల్లో ఉన్న బిడ్డ. పెంపకం గురించి మాటల్లో చెప్పాల్సినదంతా ఇద్దర్నీ పక్కపక్కన భోజనానికి కూర్చోబెడితే తెలిసిపోతుంది. ఆఖరి ప్రతిలో ఆ ముక్క ఇలా ఉంది (బావమరిది అంటే ఈ మేనమామ కొడుకే):

బావమరిది: అక్కయ్యా, పప్పు అదిరిపోయింది. (గిన్నె తనవైపు లాక్కుని) గరిటె ఏదీ?

భార్య: ఉండు తమ్ముడూ, నేను వేస్తా.

బావమరిది: నువ్వెందుకూ, నాకు చేతులు లేవా? ఏం బావా, నీకో?

(తండ్రి ఎడమచెయ్యి అప్పటికే కంచం మీద ఉంది.)

బావమరిది: ఇదుగో, ఈయనింతే! మా అమ్మ అనేది, వీడిది పిట్ట తిండిరా అని. మా నాన్నయితే ఊరంతా చెప్పుకునేవాడు, మావాడు నోరు తెరిచి అడగడు అని.

తండ్రి: నువ్వు తినవయ్యా.

బావమరిది చెయ్యి కడుక్కోవడానికి లోపలికి వెళ్తాడు. భార్య ఏమీ అనకుండా రెండు గరిటెల అన్నం వేస్తుంది. ఆయన తింటాడు. ముప్పై ఏళ్ల కాపురంలో వాళ్లిద్దరి మధ్య కుదిరిన ఒప్పందం అది, ఇద్దరూ ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు.

నాటిక మొత్తంలో ఆ చెయ్యి మూడుసార్లు వస్తుంది. 12వ నిమిషంలో భార్య ముందు, ఏ ప్రాధాన్యమూ లేకుండా, మాటల మధ్యలో. 24లో బావమరిది ముందు. 37లో కోడలి ముందు. మూడోసారి భార్య ఇంట్లో ఉండదు, గుడికి వెళ్లి ఉంటుంది. కోడలు “మామయ్యగారూ, ఇంకొంచెం పెట్టమంటారా?” అంటుంది. చెయ్యి అడ్డం. “సరేనండీ” అని గిన్నె మూతపెట్టి లోపలికి తీసుకెళ్తుంది. ఆయన ఒక్క క్షణం కంచం వంక చూసి లేస్తాడు. ఎందుకు మియాపూర్ వెళ్లడో ప్రేక్షకుడికి తెలిసేది అక్కడే. ఉప్పెన ఏకపాత్ర ఉన్న చోటే ఇది పడింది, నిడివి 40 సెకన్లు.

కోడలు తప్పు చేయలేదన్నది ఇక్కడ ప్రాణం. రెండో ప్రతిలో ఆమె ఫోన్ చూసుకుంటూ వడ్డించింది, హాల్లో ఆడవాళ్లంతా ఆమె మీద విరుచుకుపడేవాళ్లే. ఫోన్ తీసేసి ఆమెకూ ఒక పెంపకం ఇచ్చాం, ఒకే వాక్యంలో. అత్తగారు “మళ్లీ అడగలేకపోయావా అమ్మా” అన్నప్పుడు ఆమె అంటుంది: “మా ఇంట్లో వద్దన్నాక వేస్తే మా నాన్న కంచం తోసేసేవాడు అత్తయ్యా.” రెండు ఇళ్ల అలవాట్లు ఒక కంచం మీద ఢీకొన్నాయి, అంతే.

ఈ సన్నివేశం తర్వాత ఏ రచయితకైనా తల్లి చేత ఒక మాట అనిపించాలనిపిస్తుంది: “మీ నాన్న చిన్నప్పుడు ఎన్ని కష్టాలు పడ్డాడో నీకేం తెలుసురా!” మన కుటుంబ నాటికలో ఇంతగా అరిగిపోయిన మాట ఇంకోటి లేదు. అది అన్న క్షణంలో తల్లి భర్తకు ప్లీడరైపోతుంది, కొడుకు ముద్దాయి అవుతాడు. కొడుకు వాదనలో ఉన్న న్యాయం గాలికి పోతుంది. ఇక్కడ కొడుక్కి న్యాయమైన వాదనే ఉంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. మళ్లీ నీళ్లొస్తే ఈ వయసులో ఎలా అంటాడు, కాదనగలమా? ఒక దశలో రచయిత ఈ వరదనే ముగింపు చేయాలని చూశాడు: మెడలోతు నీళ్లు, తండ్రి కళ్లకు పాత ఉప్పెన. నీళ్లతో మొదలైంది నీళ్లతో ముగియాలన్న మోజు. దాన్ని ఆపి వరదను కొడుకు వాదనకు వదిలేశాం. సెట్టు గోడ మీద నాలుగడుగుల ఎత్తున మడ్డి చార ఒకటి మిగిలింది. తండ్రి దాని గురించి ఒక్క మాటా అనడు.

గతం గురించిన మాటలన్నీ కలిపి ఆఖరి ప్రతిలో 90 మాటలకు మించలేదు, అవీ మూడు చోట్ల, మూడు వేర్వేరు నోళ్లలో. తండ్రి తన గతం గురించి తానుగా అనేది ఒక్కటే: “పామర్రులో నాకు ఏ లోటూ చేయలేదు.” ఇది నిజమే, అందుకే వినడానికి కష్టంగా ఉంటుంది.

రిహార్సల్స్‌లో ఇబ్బందులు వేరు. మొదటి వారం నటుడు చెయ్యి అడ్డం పెట్టిన ప్రతిసారీ తల పక్కకు తిప్పి కళ్లు మూశాడు. బాధ చూపిస్తున్నాడు. ఆ పాత్రకు అక్కడ బాధ తెలియదు, అది మర్యాద అనుకుంటాడు. “ఎదుటివాడికి శ్రమ తప్పించినట్టు పెట్టండి” అని చెప్పాక కుదిరింది. చెయ్యి మాట కంటే ముందు రావాలి. అడిగిన తర్వాత పెడితే అది జవాబు, అడగకముందే పెడితే అలవాటు.

కనిపించడం ఇంకో చిక్కు. డైనింగ్ టేబుల్ వేస్తే ముందు వరసలకు కంచమే కనిపించదు, వెనక వరసలకు చెయ్యి కనిపించదు. అడుగు ఎత్తు లెవెల్ (వేదిక మీద వేసే చెక్క దిమ్మె) మీద పీట వేసి, తండ్రిని ప్రేక్షకులకు పక్కవాటుగా, ఎడమ భుజం వాళ్లవైపు ఉండేలా కూర్చోబెట్టాం. స్టీలు కంచమే వాడాలి, లైటు పడి మెరుస్తుంది, చెయ్యి కప్పగానే ఆ మెరుపు పోతుంది. అన్నం నిజంగా పెట్టాలి. ఖాళీ కంచంలో వేళ్లు ఆడిస్తే పై నుంచి వేలాడే మైకులో గీరిన చప్పుడు వస్తుంది. మూడోసారి చెయ్యి అడ్డం పెట్టినప్పుడు సంగీతం వద్దని ముందే రాసిపెట్టుకోవాలి, లేకపోతే అక్కడ ఫ్లూట్ వచ్చి తీరుతుంది.

ముగింపు మీద చివరిదాకా తర్జనభర్జన నడిచింది. తండ్రి చెయ్యి తీసి “మారు వెయ్యమ్మా” అని కోడల్ని అడగాలన్నది ఒక పక్షం. చప్పట్లు ఖాయం. కానీ ఆరువేల భోజనాల అలవాటు పది నిమిషాల్లో ఊడిపోతే, అది ఎప్పుడూ లేనట్టే. పెట్టిన ముగింపులో మారేది తండ్రి కాదు, చూసేవాళ్ల చూపు. కొడుకు “మన ఇల్లు నాన్నా” అంటాడు. తండ్రి “నీ ఇల్లురా. అలా అనుకుంటేనే నాకు బాగుంటుంది” అంటాడు. ఆ మాటలో గర్వమూ ఉంది, దూరమూ ఉంది. కొడుకు ఈసారి వాదించడు. పది రోజులకైతే వస్తానని తండ్రి ఒప్పుకుంటాడు. జేబులోంచి మిల్లు రోజుల నాటి చిన్న పుస్తకం తీసి తేదీలు రాసుకుంటాడు, పదకొండో రోజుకు శాతవాహనలో తిరుగు టికెట్టు తీయమని, డబ్బు లెక్కపెట్టి కొడుకు చేతిలో పెడతాడు. కొడుకు తీసుకుంటాడు.

కోడలు మంచినీళ్ల గ్లాసు తెస్తుంది. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపుతాడు. ఆమె లోపలికి తీసుకెళ్లదు, గ్లాసు ఆయన పక్కనే పెట్టి వెళ్లిపోతుంది.